పులికాట్ ఊళ్లకు వెళ్లాలనుకునేవాళ్లకు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పోయిన సంచికలో తడ దగ్గరి ఇరకం దీవి గురించి నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలతోనే ఈసారి పేజీలు నిండిపోయాయి. కొత్త పాఠకుల కోసం ఒక మాట. నేను ఏఎన్‌ఎంగా, అంటే పల్లెల్లో తిరిగి టీకాలు వేసే ప్రభుత్వ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో చాలా భాగం సూళ్లూరుపేట, తడ మండలాల్లో, పులికాట్ సరస్సు ఒడ్డు పల్లెల్లోనే గడిచింది. వ్యాక్సిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని పడవెక్కడం అప్పట్లో నా ఉద్యోగంలో భాగం. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. హోటళ్ల రేట్లు, రూముల బుకింగులు నన్ను అడగొద్దు. ఆ నీళ్ల గురించి, అక్కడి మనుషుల గురించి అయితే తెలిసినంత చెబుతాను.

*

ప్రశ్న: మేడమ్, మాకు ఇద్దరు పిల్లలు. ఒకరు ఆరో తరగతి, ఒకరు మూడు. సెలవు వస్తే గుడి, లేదంటే మాల్. ఈసారి వేరేది చూపించాలని ఉంది. పులికాట్‌లో పక్షులు, జాలర్ల ఊళ్లు, యానాది గిరిజనుల పల్లెలు ఉంటాయట కదా. ఒక్క రోజులో వెళ్లి రావచ్చా? ఎప్పుడు వెళ్తే బాగుంటుంది? – ఒక గృహిణి, తిరుపతి

జవాబు: నిక్షేపంగా వెళ్లి రావచ్చమ్మా. కాకపోతే తెల్లవారుజామున లేవాలి, పిల్లలకంటే ముందు మీవారిని లేపాలి. రేణిగుంట, శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట చేరి, అక్కడ చెన్నై హైవే ఎక్కి దక్షిణంగా వస్తే సూళ్లూరుపేట. అంతా కలిపి సుమారు 90 కిలోమీటర్లు. శ్రీకాళహస్తి నుంచి వరదయ్యపాళెం మీదుగా తడకు ఇంకో దారి ఉంది. తిరిగొచ్చేటప్పుడు అటు రండి, చూసిన దారే మళ్లీ చూడక్కర్లేదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరు వానలకు సరస్సు నిండుతుంది. ఆ వెనకే పక్షులు దిగుతాయి. తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో మాత్రం అటువైపు చూడొద్దు. మే నెలలో వెళ్లారనుకోండి, ఉత్తరం వైపు నీళ్లు చాలా మేర ఇంకిపోయి, తెల్లటి ఉప్పు పేరుకున్న నేల కనిపిస్తుంది. పిల్లలు ‘సరస్సు ఏదమ్మా’ అని అడుగుతారు.

మొదట నేలపట్టు వెళ్లండి. నాయుడుపేట, సూళ్లూరుపేటల మధ్య, దొరవారిసత్రం మండలంలో ఉంది. సుమారు 458 హెక్టార్ల పక్షుల కేంద్రం. చెరువు నీళ్లలోనే కడప చెట్లు నిలబడి ఉంటాయి. వాటి మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. గొంతు కింద సంచి ఉంటుందే, ఆ పెద్ద పక్షి. పిల్ల పక్షి తన తలంతా తల్లి నోట్లోకి దూర్చి చేపలు తింటుంది. మీ చిన్నవాడికి అది చూపించండి చాలు, ఇంటికొచ్చాక కూడా అదే చెబుతాడు. పక్షుల రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్లు పొలానికి మంచివని ఆ ఊరి రైతులు ఎప్పటి నుంచో నమ్ముతారు. పక్షుల్ని కొట్టకుండా, గూళ్లు చెడగొట్టకుండా ఊరే కాపాడుకుంటూ వచ్చింది. ఫారెస్టువాళ్ల బోర్డులు ఆ తర్వాత వచ్చాయి.

నేలపట్టు నుంచి తిన్నగా తడ, అక్కడి నుంచి ఇరకం పడవ ఎక్కే భీములవారిపాళెం. పడవ పని పొద్దున్నే ముగించుకోవాలి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేస్తుంది, సరస్సు మీద అలలు పడతాయి. అలవాటు లేనివాళ్లకు కడుపులో తిప్పుతుంది. ఎక్కే ముందు లైఫ్ జాకెట్లు అడగండి. లేవంటే పిల్లల్ని ఎక్కించకండి. ‘లోతు లేదులేమ్మా, మనిషి నిలబడొచ్చు’ అని పడవవాళ్లు అంటారు. వాళ్లు చెప్పేది నిజమే, చాలాచోట్ల లోతు మీటరుకు అటూ ఇటూ ఉంటుంది. కానీ అడుగున బురద. మోకాళ్ల దాకా దిగబడితే పెద్దవాళ్లే కాలు పీక్కోలేరు. లోతు తక్కువ కాబట్టి పడవ మధ్యలో ఆగిపోవడమూ మామూలే. పడవవాళ్లు దిగి తోస్తారు. అప్పుడు మీరు లేచి నిలబడి ఫొటోలు తీయకుండా కూర్చుంటే అదే పెద్ద సాయం.

ఇరకంలో దిగాక ఏం చూడాలి అని అడుగుతారు. అక్కడ టికెట్ పెట్టి చూపించేది ఏమీ లేదు. రాత్రి వలలు వేసినవాళ్లు పొద్దున చేపలు దించుతుంటారు, ఆడవాళ్లు వాటిని ఏరి రకం ప్రకారం వేరు చేస్తుంటారు. రొయ్య ఒక గంపలోకి, మండపీత ఒక గంపలోకి, పండుగప్ప దొరికితే దాన్ని చాటుగా ఒక పక్కకి, ఎందుకంటే దాని ధర వేరు. కొనేవాడితో బేరం ఆడవాళ్లదే. ఆ బేరం విన్నాక తిరుపతి రైతు బజారులో నేను చేసేది బేరమే కాదనిపించింది. ఎండు చేపలు ఆరబోసిన చోట ముక్కు మూసుకోవద్దని పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి. వాసన వస్తుంది. అది వాళ్ల అన్నం వాసన.

పిల్లలకు తప్పకుండా చూపించాల్సింది దొరువు. చుట్టూ ఉప్పునీళ్లున్న ఊళ్లో తాగేనీళ్లు ఎక్కడివి? ఆ తీరంలో ఇసుకలో ఎక్కువ లోతు లేకుండా గుంట తవ్వి నీళ్లు తోడుకుంటారు. వాన నీళ్లు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీళ్ల మీద పాల మీద మీగడలా తేలి ఉంటాయి. మంచినీళ్లు ఉప్పునీళ్లకంటే తేలిక. కాస్త తవ్వితే తియ్యటి నీళ్లు, ఆశపడి ఇంకా తవ్వితే ఉప్పు. మోటారు పెట్టి ఒక్కసారిగా లాగినా ఉప్పు పైకొస్తుంది. ఎంత లోతున ఆపాలో అక్కడి ఆడవాళ్లకు చేతి లెక్కగా తెలుసు. సైన్సు పాఠం ఇంతకంటే బాగా ఏ స్కూల్లో చెబుతారు? ఇంకో మాట, దొరువు దగ్గర కాళ్లు కడుక్కోవద్దు, పిల్లల్ని కడుక్కోనివ్వద్దు. మీ నీళ్లు మీరు తీసుకెళ్లండి. ఖాళీ సీసాలు మీతోనే వెనక్కి రావాలి.

సాయంత్రం నాలుగింటికల్లా సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద ఉండండి. సరస్సును చీల్చుకుంటూ పోతుంది ఆ రోడ్డు. రెండు వైపులా నీళ్లే. రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, గుంపులుగా తల కిందకు వంచి బురదనీళ్లు వడకట్టుకుంటూ ఉంటాయి. వాటి గులాబీ రంగు తిండి వల్ల వచ్చేది. నాచులో, చిన్న చిన్న రొయ్య జాతి పురుగుల్లో ఉండే రంగు ఈకల్లోకి చేరుతుంది. బూడిద రంగులో కనిపించేవి పిల్లలు. రాజహంసలు ఇక్కడ గూళ్లు పెట్టవు, తిండికి వస్తాయి. గుజరాత్‌లోని కచ్ రణ్ వీటి గూళ్లకు పేరు. తెడ్డుమూతి కొంగలు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు కూడా కనిపిస్తాయి. హారన్ కొట్టొద్దని డ్రైవరుకు ముందే చెప్పండి. పక్షులు లేస్తే చూడ్డానికి బాగుంటుందని కొందరు కావాలనే కొడతారు. తినే పూట వాటిని లేపడం ఎందుకు? వాటికి రోజంతా తిండి వెతుక్కోవడమే పని.

జనవరిలో సూళ్లూరుపేటలో పక్షుల పండుగ జరుగుతుంటుంది. స్టాళ్లు, పాటలు, స్కూలు పిల్లల క్యూలు, అదో సందడి. జనం కావాలంటే ఆ రోజుల్లో వెళ్లండి, పక్షులు కావాలంటే ఆ ముందు వారమో తర్వాతి వారమో వెళ్లండి.

*

ప్రశ్న: హాయ్ మేడమ్. నేను డిగ్రీ ఫైనలియర్. ట్రావెల్ వీడియోలు చేస్తుంటాను. యానాదులు పాములు, ఎలుకలు పడతారు కదా, అది దగ్గర నుంచి షూట్ చేస్తే బాగా వస్తుంది. వాళ్ల డ్యాన్సులు, రాత్రి నిప్పు చుట్టూ కూర్చునే సీన్లు కూడా కావాలి. ఏ పల్లెకి వెళ్లాలి? ఎంత ఇస్తే ఒప్పుకుంటారు? – ఒక విద్యార్థి, చిత్తూరు

జవాబు: నాయనా, నీ ఉత్తరం చదివి కాసేపు పక్కన పెట్టాను. కోపం తగ్గాక రాస్తున్నాను.

పాముల సంగతి ముందు. అడవి జంతువుల రక్షణ చట్టం 1972 నుంచి ఉంది. సరదాకి పాముని పట్టించి వీడియో తీస్తే పట్టినవాడికీ, తీయించిన నీకూ చిక్కే. కేసయితే నీకు లాయరు దొరుకుతాడు. వాడికి దొరకడు. తమిళనాడులో ఇరులర్లనే గిరిజనులు 1978లో సహకార సంఘం పెట్టుకుని, అనుమతి తీసుకుని పాముల విషం తీసి మందుల కంపెనీలకు ఇస్తున్నారు. పాముకాటు మందు తయారీలో ఆ విషానిదే మొదటి మెట్టు. అది వృత్తి. నువ్వు అడిగేది వేరు.

యానాదుల పాముల జ్ఞానం నేను కళ్లారా చూశాను. మా ఆరోగ్య సబ్‌సెంటర్ వరండాలో చెప్పుల కింద కట్లపాము కనిపిస్తే ఊరంతా కర్రలు పట్టుకొచ్చింది. ఒక యానాది పెద్దాయన వచ్చి, అందర్నీ వెనక్కి జరగమని, దాన్ని చెట్ల వైపు వదిలేసి వెళ్లిపోయాడు. పాము కోసం ఆయన్ను ఇంటి లోపలికి పిలిచేవాళ్లే, మామూలు రోజుల్లో మంచినీళ్లు గడప బయటే పోసేవాళ్లు. ఈ రెండో సంగతి వీడియోలో చూపించగలిగితే చూపించు.

రాత్రి నిప్పు చుట్టూ సీన్లు కావాలన్నావు. బ్రిటిష్ వాళ్ల కాలంలో నేరస్థ జాతుల చట్టం అని ఒకటుండేది. నెల్లూరు వైపు యానాదుల్ని కూడా అందులో చేర్చారు. పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. నెల్లూరు మనిషి వెన్నెలకంటి రాఘవయ్య గారు జీవితమంతా వీళ్ల పక్షాన పనిచేశారు. ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. కాగితం మీద పోయింది కానీ, రాత్రిపూట బయటివాడు లైటు వేసుకుని పల్లెలోకి వస్తే ముసలివాళ్ల గుండె ఇప్పటికీ దడదడలాడుతుంది. ఎక్కడైనా దొంగతనం జరిగితే ముందు ఈ పల్లెకే జీపు వచ్చిన రోజులు నేను ఉద్యోగంలో ఉండగానే చూశాను.

ఇక డ్యాన్సు. పెళ్లికో, దేవర కొలుపుకో ఆడతారు. నువ్వు డబ్బిచ్చి ఆడమంటే ఆడే అవసరం వాళ్లకు ఉండొచ్చు. అడగకపోవడం నీ చేతిలో ఉంది.

అయితే ఏం తీయాలి అంటావు. వాళ్ల పనితనం తియ్యి. రొయ్య పట్టే ఆడవాళ్లను చూశావా? నడుంలోతు నీళ్లలో వంగి, రెండు చేతులూ బురద మీద జరుపుకుంటూ పోతారు. వల లేదు, గాలం లేదు. వేలికి తగిలిన కదలికను బట్టి రొయ్యా, చేపా, పీతా తెలుస్తుంది. పట్టింది పట్టినట్టు బుట్టలో పడుతుంది. ఆ బుట్టను పళ్లతో కరిచి పట్టుకునేవాళ్లు, చేతులు ఖాళీగా ఉండాలి కదా. రొయ్య ముల్లు గుచ్చుకుని, ఉప్పునీళ్లకు నాని, వాళ్ల వేళ్ల సందులు ఎప్పుడూ పగిలి ఉండేవి. నా దగ్గరకు ఆయింట్‌మెంటు కోసం వచ్చేవాళ్లు. రెండు రోజులు నీళ్లలో దిగొద్దమ్మా అంటే నవ్వేవాళ్లు. నేను చెప్పినదాంట్లో వాళ్లు ఎప్పుడూ వినని మాట అదొక్కటే.

వాళ్లకు వలలెందుకు లేవో కూడా కనుక్కో. ఆ సరస్సు మీద పట్టపువాళ్లలో, అంటే అక్కడి జాలరి కులంవాళ్లలో, ‘పాడు’ అనే కట్టుబాటు ఉంది. ఏ చోట, ఏ రోజు, ఎవరు వల వేయాలో వంతుల ప్రకారం పెద్దలు నిర్ణయిస్తారు. గొడవలు రాకుండా, ఒకే చోట అందరూ ఎగబడకుండా తరాలుగా నడిచిన ఏర్పాటు. మంచిదే. కానీ ఆ వంతుల్లో బయటివాళ్లకు చోటు దొరకడం కష్టం. వల వేసే చోటు లేనివాళ్లకు మిగిలేది చేతులు, లేదంటే రొయ్యల చెరువుల దగ్గర కాపలా కూలి. సరస్సు అందరిదీ అని ఒడ్డున నిలబడి అనుకుంటాం.

వెళ్లాలంటే పగటిపూట వెళ్లు. ముందు రోజు కెమెరా లేకుండా ఒకసారి వెళ్లి, పల్లె పెద్దతో మాట్లాడి, ఆశా వర్కరో అంగన్‌వాడీ టీచరో ఎవరినైనా తోడు తీసుకో. ఒక మనిషి పూట పని నీ కోసం ఆగితే పూట కూలి ఇవ్వు. దాన్ని బహుమానం అనకు. చిన్న పిల్లల మొహాలు వద్దు, ఇళ్ల లోపల వద్దు. తీసింది వాళ్ల ఫోన్లోకే పంపించి చూపించు. వద్దన్న చోట కత్తిరించెయ్. ఇవన్నీ చేస్తే వ్యూస్ తగ్గుతాయేమో. తగ్గనీ.

2011 లెక్కల్లో యానాదులు 5 లక్షల పైచిలుకు. చిత్తూరు చుట్టుపక్కలా ఉన్నారు. నీ కాలేజీలోనూ ఉండి ఉంటారు. చెప్పుకుని ఉండరు.

*

ప్రశ్న: శ్రీహరికోటలో రాకెట్లు రాకముందు ఊళ్లు, అడవి ఉండేవని మా నాన్నగారు చెప్పేవారు. ఇప్పుడు లోపలికి వెళ్లి చూసే వీలుందా? ఆ ప్రాంత చరిత్ర కాస్త రాయండి. – ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, పుత్తూరు

జవాబు: మాస్టారూ, మీ నాన్నగారు చెప్పింది నిజం. సముద్రానికీ పులికాట్‌కూ మధ్య ఉన్న పొడవాటి ఇసుక దీవి శ్రీహరికోట. అడవి బాగా ఉండేది. 1835లో అప్పటి మద్రాసు ప్రభుత్వం ఆ దీవిని తన చేతిలోకి తీసుకుంది. కారణం వంటచెరకు. మద్రాసు పట్నం పొయ్యిల్లోకి కట్టెలు కావాలి, అవి ఇక్కడి నుంచి పడవల్లో వెళ్లేవి. తర్వాత బకింగ్‌హామ్ కాలువ అని పేరు పడిన కాలువ ఈ సరస్సు మీదుగానే పోతుంది. అడవిలో ఉన్న యానాదుల చేత తేనె, కుంకుళ్లు, చిరివేరు లాంటివి ఏరించి సర్కారు అమ్ముకునేది.

చిరివేరు మన వైపువాళ్లకు తెలియాలి. ఆ మొక్క వేళ్ల నుంచి ఎర్ర రంగు వచ్చేది. కోరమండల్ తీరపు అద్దకం బట్టలు ఆ ఎరుపుతోనే దేశాలు దాటాయి. శ్రీకాళహస్తిలో ఇప్పటికీ కలంకారీ చేస్తున్నారు. మీరు తడకు వెళ్తూ ఆ ఊరి మీదుగానే వెళ్తారు. డచ్చివాళ్లు 1613లో పులికాట్ పట్నంలో గెల్డ్రియా అనే కోట కట్టింది ఈ బట్టల వ్యాపారం కోసమే. ఆ పట్నం ఇప్పుడు తమిళనాడులో ఉంది, వాళ్లు పళవేర్కాడు అంటారు. కోట పోయింది కానీ డచ్చి సమాధుల తోట ఉంది. గేటుకు అటూ ఇటూ రాతి అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. మనవళ్లను తీసుకెళ్తే ముందే చెప్పండి. ఇంగ్లీషువాళ్లు కూడా మద్రాసుకు వెళ్లకముందు, 1620లలో ఈ తీరంలోనే దుగరాజపట్నంలో దుకాణం పెట్టారు. ఆర్మగాన్ అని రాసుకునేవాళ్లు. అక్కడ వ్యాపారం కుదరకే దక్షిణానికి జరిగారు. కుదిరి ఉంటే మద్రాసు ఏ ఊరయ్యేదో ఆలోచించుకోవడం మీలాంటి సోషల్ మాస్టార్ల పని.

రాకెట్ల కోసం ఈ దీవిని 1969లో ఎంచుకున్నారు. తూర్పున అంతా సముద్రం కాబట్టి విడిభాగాలు పడినా జనానికి ప్రమాదం లేదు. భూమధ్యరేఖకు దగ్గర కావడంతో భూమి తిరిగే వేగం కొంత కలిసొస్తుంది. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. 2002లో ఆ రాకెట్ కేంద్రానికి సతీశ్ ధవన్ పేరు పెట్టారు. చంద్రయాన్‌లు మూడూ ఇక్కడి నుంచే వెళ్లాయి. దీవిలోని జనాన్ని ఒడ్డుకు తరలించారు. యానాదుల్లో కొందరు అక్కడే ఉండి పనుల్లో చేరారు. ఒడ్డుకు వచ్చినవాళ్ల ముసలితల్లులు నాకు తెలుసు. రాకెట్ లేచినప్పుడు పిల్లలు మిద్దెలెక్కి కేకలు వేస్తుంటే, వాళ్లు మాత్రం ‘అదిగో ఆ పొగ లేచిన తావున మా ఈత చెట్లుండేవి’ అని చేయి చూపించేవాళ్లు. వాళ్లకు ఆ రాకెట్ మీద కోపం కనిపించేది కాదు. గర్వంగానూ ఉండేది. రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయని నన్నడగకండి.

ఇప్పుడు పాసు లేకుండా లోపలికి వదలరు. గేటు దగ్గర నుంచే వెనక్కి పంపుతారు. అయితే 2019 నుంచి ప్రయోగాలు చూడ్డానికి గ్యాలరీ పెట్టారు. ప్రయోగం తేదీ ప్రకటించాక ఇస్రో వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవాలి. సీట్లు త్వరగా అయిపోతాయి, మనవడిని కూర్చోబెట్టండి. సూళ్లూరుపేటలో కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంది. ఆ గుడికి తలుపులు వేయరు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు వచ్చి దండం పెట్టుకోవడం మీరు పేపర్లో చూసే ఉంటారు.

*

ప్రశ్న: మేము శాకాహారులం. ఆ వైపు భోజనం దొరుకుతుందా? – ఒక కుటుంబం, తిరుపతి

జవాబు: సూళ్లూరుపేట, నాయుడుపేటల్లో దొరుకుతుంది. దీవుల్లో ఆశ పెట్టుకోవద్దు. పులిహోర కట్టుకెళ్లండి. ఎవరైనా చేపల పులుసు పెట్టబోతే ‘మేము తినం’ అని నవ్వుతూ చెప్పండి, మొహం చిట్లించకండి. వాళ్లు ఇచ్చే టీ తాగండి.

*

ప్రశ్న: అమ్మా, మీరు రాస్తుంటే జనం వస్తున్నారు. ఆదివారమైతే ఒడ్డంతా సీసాలు, ప్లేట్లు. వచ్చినవాళ్లు మా ఇళ్ల ముందు ఫొటోలు దిగిపోతారు, ఒక్క రూపాయి మా చేతికి రాదు. ముఖద్వారం పూడిపోయి చేపలు తగ్గాయి. దాని గురించి ఎవరూ రాయరు. – ఒక పాఠకుడు, తడ మండలం

జవాబు: బాబూ, నీ ఉత్తరం మొదట వేయాల్సింది. పై నాలుగు జవాబులూ చదివినవాళ్లు ఇది కూడా చదువుతారని ఇక్కడ పెట్టాను.

ముఖద్వారం అంటే ఏమిటో తిరుపతివాళ్లకు చెప్పాలి. సముద్రపు నీళ్లు సరస్సులోకి వచ్చిపోయే దారులు. మన వైపు రాయదొరువు, కొండూరుపాళెం దగ్గర, తమిళనాడు వైపు పులికాట్ పట్నం దగ్గర ఉన్నాయి. రొయ్య పిల్లలు, చేప పిల్లలు సముద్రం నుంచి ఈ దారుల్లోనే లోపలికి వచ్చి, సరస్సులో పెరిగి, మళ్లీ వెళ్తాయి. అలలు తెచ్చిన ఇసుకతో దారి మూసుకుపోతే పిల్లలు రావు. ఎండాకాలంలో నీళ్లు ఇంకిపోయి ఉప్పు ముదురుతుంది. అప్పుడు చేపలూ తగ్గుతాయి, వాటిని తినే పక్షులూ తగ్గుతాయి. ఇసుక తవ్వి దారి తెరవాలని మత్స్యకారులు ఏళ్లుగా అడుగుతున్నారు. తవ్వినా అలలు మళ్లీ పూడ్చేస్తాయి, కాబట్టి ఒకసారి తవ్వి ఫొటో దిగితే సరిపోదు, తవ్వుతూనే ఉండాలి. మేం చూడ్డానికి వచ్చే రాజహంసల సంగతి కూడా ఆ ఇసుక దిబ్బ దగ్గరే తేలుతుంది.

రొయ్యల చెరువుల మురుగు ఇంకోటి. పులికాట్, చిలికా సరస్సులకు 1000 మీటర్ల లోపు రొయ్యల చెరువులు ఉండకూడదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత కొత్త చట్టాలు వచ్చాయి. ఒడ్డు వెంట నడిచి చూస్తే ఎంత అమలైందో ఎవరి కళ్లకు వాళ్లకే తెలుస్తుంది.

డబ్బు సంగతి మీ ఊరే తేల్చుకోవాలి, నేను చెబితే బాగుండదు. కానీ నేలపట్టులో పక్షులున్న చెరువును ఊరు తనదనుకుంది. అలాగే దిగే రేవు దగ్గర మీ మహిళా సంఘం ఒక టీ, ఎండు రొయ్యల బల్ల పెట్టుకుంటే, చెత్త వేసేవాణ్ణి అడిగే నోరు కూడా అక్కడే ఉంటుంది. వెళ్లే పాఠకులకు నా మాట: ఎండు రొయ్యలు అక్కడే కొనండి, అడిగిన ధరకు కొనండి. తిరుపతిలో ప్యాకెట్టు మీద రాసిన ధర చూసి నోరెత్తకుండా కొనేవాళ్లం, రేవులో ముసలమ్మ దగ్గర ఇరవై రూపాయలకు బేరమాడడం ఎందుకు? ఒకరి ఇంటి ముందు ఫొటో దిగాలంటే ముందు ఆ ఇంటావిడను అడగండి. వద్దంటే వద్దు.

*

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. రాజహంసల్ని చూడాలని ఎప్పటి నుంచో కోరిక. పడవ ఎక్కే ఓపిక లేదు. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, మదనపల్లె

జవాబు: పడవ అక్కర్లేదమ్మా. మీది దూరం కాబట్టి ముందు రోజు తిరుపతిలో పడుకుని, మర్నాడు మధ్యాహ్నం నింపాదిగా బయల్దేరండి. సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట రోడ్డులో అటకానితిప్ప వైపు వెళ్తే, నీళ్లు బాగున్న ఏడాది రోడ్డు పక్కనే కనిపిస్తాయి. ఆ రోడ్డు మీద షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) బస్సులు వేగంగా వస్తుంటాయి, కాబట్టి వెడల్పున్న చోట బండి పూర్తిగా పక్కకు దించి ఆపండి. రోడ్డు వైపు తలుపు తెరవద్దు. బైనాక్యులర్ ఒకటి అడిగి తీసుకెళ్లండి. అమ్మగారికి చెయ్యి వణికితే కిటికీ అద్దం సగం దించి, దాని అంచు మీద ఆనించి చూడమనండి. దారిలో బాత్రూమ్ పని సూళ్లూరుపేటలోనే చూసుకోండి, సరస్సు రోడ్డు మీద చాటు దొరకదు.